మొదటిసారి ఫిజియోథెరపీకి వెళ్తున్నవారికి: ఆ రోజు ఏం జరుగుతుంది, మీరు ఏం అడగాలి

పత్తికొండ దగ్గరి ఒక పల్లె నుంచి ఒక సోదరుడు అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. ఆయన తల్లిగారికి 58 ఏళ్లు, చాలాకాలంగా షుగరు ఉంది. నాలుగు నెలలుగా కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవడం లేదు. కర్నూలులో ఎముకల డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి, ఎముకలో దోషమేమీ లేదని చెప్పి, ఫిజియోథెరపీ చేయించుకోమని చీటీ రాశారు. అక్కడ ఏం చేస్తారు, ఎంత నొప్పి పుడుతుంది, ఎన్నాళ్లు రావాలి, రోజూ అంత దూరం రాలేకపోతే ప్రయోజనం ఉండదా అన్నవి ఆయన సందేహాలు. కర్నూలులోనే చాలా ఏళ్లుగా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను కనుక, తల్లిగారి భుజాన్నే ఉదాహరణగా పెట్టుకుని, నడుము నొప్పికో మోకాలి నొప్పికో మొదటిసారి వెళ్లేవారికి కూడా పనికివచ్చేలా వివరంగా రాస్తున్నాను.

మొదటి రోజున వచ్చేవారిలో చాలామంది లోపల అడుగుపెడుతూనే "రోంత కరెంటు పెట్టి పంపండి సార్" అంటారు. పక్కింటివారికి అలా పెడితే తగ్గిందని విని ఉంటారు. మంచం మీద పడుకుంటే యంత్రం తన పని తాను చేస్తుందనీ, పది రోజులు వరుసగా వెళ్తే నొప్పి పోతుందనీ నమ్మకంతో వస్తారు. యంత్రాలకు ఉన్న ఉపయోగాన్ని నేను కాదనను. కానీ పట్టేసిన కీలును మళ్లీ కదిలేలా చేసేదీ, నీరసించిన కండరానికి బలం తెచ్చేదీ మీరు ఇంట్లో రోజూ చేసే వ్యాయామమే. మేము చేసేది ముఖ్యంగా ఆ వ్యాయామాన్ని సరిగ్గా ఎంచి, సరిగ్గా నేర్పి, మీ శరీరం దానికి ఎలా స్పందిస్తోందో చూసి మార్చడం. ఈ సంగతి మొదటే తెలిసినవారు తక్కువసార్లు వచ్చి ఎక్కువ ఫలితం పొందడం నేను చూస్తూనే ఉన్నాను.

బయలుదేరే ముందు సర్దుకోవలసినవి పెద్దగా లేవు, కానీ ఉన్నవాటిని మరవకండి. డాక్టరు చీటీ, ఎక్స్‌రే, ఎమ్మారై తీసి ఉంటే ఫిల్ముతో పాటు దాని రిపోర్టు, ఆపరేషను జరిగి ఉంటే డిశ్చార్జి కాగితం, ఇప్పుడు వాడుతున్న మాత్రల చీటీలు లేదా ఖాళీ అట్టలు ఒక సంచిలో పెట్టుకోండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా, గుండెకు పేస్‌మేకరు అమర్చారా, ఒంట్లో ఎక్కడైనా రాడ్డు గానీ ప్లేటు గానీ ఉందా, వయసులో ఉన్న స్త్రీలైతే గర్భవతులా అన్నవి మేము అడగకపోయినా మీరే చెప్పాలి, ఎందుకంటే వీటిని బట్టి కొన్ని యంత్రాలను అసలు వాడకూడదు. ఎముక విరిగినప్పుడు పుత్తూరు కట్టు గానీ, ఊళ్లో నాటువైద్యుడి కట్టు గానీ కట్టించుకుని ఉంటే దాన్ని దాచవద్దు. ఎవరూ కోప్పడరు, ఎన్ని వారాలు కట్టులో ఉంచారో తెలిస్తే కీలు ఎంత బిగిసి ఉంటుందో అంచనా వేయవచ్చు, ఎముక సరిగ్గా అతికిందో లేదో చూడటానికి కొత్త ఎక్స్‌రే కావాలో వద్దో కూడా తేల్చవచ్చు.

షుగరు ఉన్నవారు ఖాళీ కడుపుతో రాకూడదు. రక్తపరీక్ష కోసం పరగడుపున రావడానికి అలవాటుపడినవారు ఇక్కడికీ అలాగే వచ్చి, వ్యాయామం మధ్యలో కళ్లు తిరిగి కూర్చుండిపోతారు. ఎప్పటిలాగే తిని, ఎప్పటిలాగే మాత్ర వేసుకుని, చేతిసంచిలో రెండు బిస్కెట్లు పెట్టుకుని రండి. ఇక బట్టల సంగతి. మోకాలికైతే తొడ దాకా పైకి జరపగలిగే వదులైన ప్యాంటో లుంగీయో చాలు. భుజానికి వచ్చే స్త్రీలు ముందు హుక్కులున్న వదులు జాకెట్టు గానీ నైటీ గానీ వేసుకుని, పైన వల్లెవాటు కప్పుకుంటే సౌకర్యంగా ఉంటుంది. భుజాన్నీ వెనక రెక్క ఎముకనూ కంటితో చూడకుండా పరీక్ష పూర్తి కాదు. పరదా వేయమనీ, మహిళా ఫిజియోథెరపిస్టు ఉంటే ఆమెతోనే చేయించమనీ, లేకపోతే కూతురో కోడలో పక్కన ఉంటారనీ అడగడానికి సంకోచించనక్కర్లేదు. అది రోగి హక్కు, ఆ మాట విని ముఖం చిట్లించే చోటికి రెండోసారి వెళ్లవలసిన పని లేదు.

మొదటి రోజు మామూలుగా ముప్పావు గంట నుంచి గంట పడుతుంది, అందులో ఎక్కువ భాగం ప్రశ్నలకూ పరీక్షకూ పోతుంది. నొప్పి ఎప్పుడు మొదలైంది, దెబ్బ తగిలిందా తనంతట తానే వచ్చిందా, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోగలుగుతున్నారా, పొద్దున లేవగానే ఎక్కువా సాయంత్రానికి ఎక్కువా, ఏ పని చేస్తే పెరుగుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది అని అడుగుతారు. సున్నా అంటే నొప్పి లేనట్టు, పది అంటే భరించలేనంత అనుకుని ఒక అంకె చెప్పమంటారు. ఈ అంకెకు సరైన జవాబంటూ లేదు, మీకు తోచింది చెప్పండి. వచ్చే నెల మళ్లీ అడిగినప్పుడు పోల్చుకోవడానికే అది. దానికంటే మీ రోజువారీ పని గురించి చెప్పే మాట మాకు విలువైనది. "జడ ఏసుకునేకి చెయ్యి పైకి పోదు సార్" అని ఒకామె చెప్పిందంటే, చెయ్యి పైకెత్తి బయటికి తిప్పే కదలిక పోయిందని ఆ ఒక్క వాక్యంతోనే తెలుస్తుంది. జాకెట్టు వెనక హుక్కు పెట్టుకోలేకపోతున్నానంటే వీపు వెనకకు వెళ్లే కదలిక పోయినట్టు. కనుక నొప్పి ఎంత ఉందన్నదే కాకుండా ఏ పని ఆగిపోయిందో ముందే గుర్తుచేసుకుని రండి. పత్తి తీయడమా, బిందె ఎత్తడమా, బస్సులో పైకడ్డీ పట్టుకోవడమా, ఏదైనా సరే, చికిత్స లక్ష్యాన్ని అక్కడి నుంచే నిర్ణయిస్తాం.

తరువాత పరీక్ష. రెండు భుజాలనూ పక్కపక్కన చూసి, ఎముకలూ కండరాలూ తాకి, మెడను నాలుగు వైపులా తిప్పించి చూస్తారు, ఎందుకంటే మెడ నరం నొక్కుకున్నా నొప్పి భుజంలోనే తెలియవచ్చు. అమ్మగారి విషయంలో అసలు కీలకమైన పరీక్ష చాలా మామూలుగా కనిపిస్తుంది. మొదట ఆమెనే చెయ్యి ఎత్తమంటారు, తరువాత ఆమె చెయ్యి వదులు చేసి ఉంచితే ఫిజియోథెరపిస్టు ఎత్తి చూస్తారు. ఆమె ఎత్తలేనిది మేము ఎత్తితే పైదాకా వచ్చిందంటే కీలు బాగానే ఉంది, ఎత్తే కండరంలోనో దాని నరంలోనో లోపం ఉందని అర్థం. మేము ఎత్తినా అక్కడే ఆగిపోతే కీలే బిగిసింది. మోచెయ్యిని నడుముకు ఆనించి ఉంచి ముంజేతిని బయటికి తిప్పినప్పుడు ఆరోగ్యంగా ఉన్న చెయ్యి బాగా పక్కకు వెళ్తుంది, బిగిసిన చెయ్యి కాస్త కదిలి గోడకు తగిలినట్టు ఆగిపోతుంది. ఎక్స్‌రేలో ఏమీ లేకుండా, బయటికి తిరిగే కదలిక ఇలా పోయి ఉంటే, డాక్టర్లు ఫ్రోజెన్ షోల్డర్ అనే స్థితి అయి ఉండటానికి అవకాశం ఎక్కువ. కీలును చుట్టి ఉండే పలచని సంచి లాంటి పొర వాచి, మందమై, కుంచించుకుపోవడం వల్ల వస్తుంది. 40 నుంచి 60 ఏళ్ల మధ్య ఎక్కువ, మగవారి కంటే ఆడవారిలో ఎక్కువ, షుగరు, థైరాయిడ్ సమస్యలు ఉన్నవారిలో మరీ ఎక్కువ.

ఎంత వరకు లేస్తోందో కొలవడానికి గోనియోమీటరు అనే రెండు కడ్డీల కొలబద్ద వాడతారు. మంచి భుజం పూర్తిగా ఎత్తితే దాదాపు 180 డిగ్రీలు వస్తుంది. కండరాల బలానికి సున్నా నుంచి ఐదు దాకా ఒక కొలత ఉంది: సున్నా అంటే కండరంలో కదలికే లేదు, మూడు అంటే శరీర భాగం బరువును మాత్రం ఎత్తగలదు, ఐదు అంటే మామూలు బలం. ఈ అంకెలన్నీ కాగితం మీద రాయమని అడగండి, లేదా మీ ఫోనులో ఫొటో తీసుకోండి. నా అభిప్రాయంలో మొదటి రోజు మీ చేతికి రావలసిన అన్నింటికంటే విలువైన వస్తువు ఇదే. నొప్పి ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ ఉంటుంది కాబట్టి బాగవుతున్నామా లేదా అన్నది మనసుకు తెలియదు. నెల క్రితం 90 డిగ్రీలు లేచిన చెయ్యి ఇప్పుడు 115 లేస్తోందంటే అందులో సందేహానికి తావు లేదు. ఎక్కడా చెయ్యి వేసి చూడకుండా, ఏమీ కొలవకుండా, చీటీ చదివి నేరుగా మంచం మీద పడుకోబెట్టి యంత్రం తగిలించి, పది రోజుల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టమంటే మాత్రం కాస్త ఆలోచించుకోండి.

యంత్రాల గురించి భయం ఉన్నవారు చాలామంది కనుక వాటి సంగతి చెబుతాను. నొప్పి తగ్గడానికి వాడే టెన్స్, ఐఎఫ్‌టీ యంత్రాల్లో చర్మం మీద ప్యాడ్లు అంటించి అతి స్వల్ప విద్యుత్తు పంపుతారు. చీమలు పాకినట్టు, తిమ్మిరెక్కినట్టు ఉంటుంది గానీ షాకు కొట్టదు. పది నుంచి ఇరవై నిమిషాలు ఉంచుతారు, గుచ్చినట్టు అనిపిస్తే వెంటనే చెప్పండి, తగ్గిస్తారు. అల్ట్రాసౌండ్ అంటే జెల్ పూసి చిన్న తల ఉన్న పరికరాన్ని గుండ్రంగా తిప్పుతూ ఐదారు నిమిషాలు చేస్తారు. గర్భిణులకు తీసే స్కానింగులాగా ఇందులో బొమ్మ ఏమీ కనిపించదు, ఇది చికిత్స కోసం మాత్రమే. ఆ తలను ఒకేచోట ఆపి ఉంచకూడదు. లోపల మంట పుట్టినట్టు ఉంటే చెప్పాలి. షార్ట్‌వేవ్ డయాథెర్మీ అనే లోతైన వేడి చికిత్సను పేస్‌మేకరు ఉన్నవారికీ, ఆ భాగంలో లోహం ఉన్నవారికీ, గర్భవతులకూ ఇవ్వరు. షుగరు ఉన్నవారు వేడి కాపడం విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. చాలాకాలంగా షుగరు ఉంటే చర్మానికి వేడి సరిగ్గా తెలియకపోవచ్చు. బొబ్బలు లేచాక గానీ కాలిందని తెలియదు. అందుకే కాపడం పెట్టే ముందు వేడి, చల్లదనం తెలుస్తున్నాయో లేదో పరీక్షించాలి. మీ అమ్మగారికి ఆ పరీక్ష చేయకపోతే మీరే అడిగి చేయించండి. ఇంట్లో వేడినీళ్ల సంచి పెట్టేటప్పుడు కూడా మందపాటి తువ్వాలు చుట్టి, ఐదు నిమిషాలకొకసారి తీసి చర్మం చూడాలి.

నొప్పి ఎంత ఉంటుందన్న ప్రశ్నకు నిజాయితీగా చెప్పాలంటే, కొంత ఉంటుంది. బిగిసిన పొరను సాగదీసేటప్పుడు లాగినట్టు నొప్పి రాకుండా ఉండదు. అయితే హద్దు ఉంది. వ్యాయామం తరువాత పెరిగిన నొప్పి గంట రెండు గంటల్లో మొదటి స్థాయికి దిగి, ఆ రాత్రి నిద్రను చెడగొట్టకపోతే మోతాదు సరిపోయినట్టే. మరునాటికి కూడా తగ్గకుండా, చెయ్యి నిన్నటి కంటే తక్కువ లేస్తోందంటే మోతాదు మించింది. ఆ రోజు తగ్గించి, తరువాతి సారి వచ్చినప్పుడు చెప్పాలి. ఈ వ్యాధి మొదటి దశలో, అంటే రాత్రి పూట నొప్పితో నిద్రలేస్తున్న రోజుల్లో, చేతిని పట్టుకుని బలవంతంగా పైకి లాగితే వాపు పెరిగి ఇంకా బిగుసుకుంటుంది. ఒక మనిషి భుజం అదిమిపట్టి ఇంకొకరు చెయ్యి లాగడం, రోగి కేకలు పెట్టడం చికిత్స కాదు. ఆపండి అంటే ఆపాలి. నూనె మర్దన చేయించుకుంటే హాయిగా ఉంటుందంటే మెల్లగా చేయించుకోవచ్చు, విరిచి తిప్పే మర్దన మాత్రం వద్దు.

ఇప్పుడు దూరం సంగతి. పత్తికొండ వైపు నుంచి రోజూ కర్నూలు వచ్చిపోవడమంటే ఒక పూట బస్సులో, ఒక పూట వరుసలో గడుస్తుంది. ఎండాకాలంలోనైతే ఆ ప్రయాణపు అలసటే నొప్పిని పెంచుతుంది. పైగా తోడు వచ్చే మనిషి కూలీ కూడా పోతుంది. కనుక మొదటి రోజే మీ ఊరి పేరు చెప్పి, వారానికి ఒకసారి మాత్రమే రాగలమని స్పష్టంగా చెప్పండి. బాధ్యత తెలిసిన ఫిజియోథెరపిస్టు ఆ లెక్కకు తగ్గట్టు ఇంటి వ్యాయామాలు నేర్పుతారు. మొదటి వారంలో రెండు మూడుసార్లు, ఆపైన వారానికొకసారి, ఆపైన పదిహేను రోజులకొకసారి వచ్చినా, ఇంట్లో క్రమం తప్పకుండా చేస్తే ఇలాంటి భుజానికి సరిపోతుంది. కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రుల్లోనూ, కడప రిమ్స్‌లోనూ ఓపీ చీటీతో ఎముకల విభాగంలో చూపించుకుంటే అక్కడి నుంచే ఫిజియోథెరపీకి పంపుతారు. రద్దీ ఎక్కువ కాబట్టి పొద్దున్నే వెళ్లాలి. పుట్టుకతో కదలికల లోపమున్న బడి పిల్లల కోసమైతే మండలంలోని భవిత కేంద్రంలో విచారించండి, అక్కడ నిర్ణీత రోజుల్లో ఫిజియోథెరపీ ఉంటుంది.

ప్రైవేటుగా చూపించుకునేటప్పుడు చదువు అడగడంలో తప్పు లేదు. ఫిజియోథెరపీలో బీపీటీ అనే డిగ్రీ ఇంటర్న్‌షిప్పుతో కలిపి నాలుగేళ్ల పైమాటే, ఆపై చదువు ఎంపీటీ మరో రెండేళ్లు. ఈ వృత్తిని క్రమబద్ధం చేయడానికి 2021లో కేంద్రం చట్టం కూడా చేసింది. రెండు మూడు నెలలు సహాయకుడిగా పనిచేసి యంత్రం కొనుక్కున్నవారికీ, ఈ చదువు చదివినవారికీ తేడా పరీక్ష చేసే పద్ధతిలోనే బయటపడుతుంది.

ఇంట్లో చేయవలసిన వాటిలో అమ్మగారి లాంటివారికి ఎక్కువగా నేర్పేవి చెబుతాను, కానీ మొదటిసారి మాత్రం మా కళ్ల ముందే చేసి చూపించి వెళ్లాలి. మంచి చేతితో బల్ల అంచు పట్టుకుని, నడుము కొద్దిగా వంచి, బిగిసిన చేతిని కిందికి వేలాడదీసి, ఒంటిని మెల్లగా ఊపితే చెయ్యి తనంతట తానే ఊగాలి. చేతి కండరంతో ఊపకూడదు. రెండోది గోడ పాకడం. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో మెల్లగా పైకి పాకించి, ఆగినచోట పదిదాకా లెక్కపెట్టి, అలాగే పాకిస్తూ దించాలి. ఆగినచోట సుద్దముక్కతో గీత గీసుకుని తేదీ వేయండి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది: చెయ్యి లేవకపోయినా భుజాన్ని చెవి దాకా ఎగదోసి, ఒంటిని పక్కకు వంచి, గీత పైకి పోయిందని సంతోషిస్తారు. అందుకే మొదట్లో పక్కన ఒకరు నిలబడి భుజం దించి ఉంచమని చెబుతుండాలి. మూడోది, మోచేతికీ పక్కటెముకలకీ మధ్య చుట్టిన తువ్వాలు పెట్టుకుని, రెండు చేతులతో ఒక కర్ర పట్టుకుని, మంచి చేతితో ఆ కర్రను నెట్టి బిగిసిన చేతిని బయటికి తిప్పడం. చూడటానికి చిన్నదిగా ఉండే ఈ మూడో వ్యాయామాన్నే చాలామంది మానేస్తారు, నిజానికి పోయిన కదలిక తిరిగి రావడానికి ఇది చాలా అవసరం. రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి పది నిమిషాల చొప్పున చేస్తే, రోజులో ఒకేసారి గంటసేపు చేయడం కంటే మేలు. మాటలతో విన్నది ఇంటికెళ్లేసరికి మరిచిపోతారు కాబట్టి, అమ్మగారు చేస్తుండగా మీ ఫోనులో వీడియో తీసుకోండి.

ఎన్నాళ్లు పడుతుందన్నది వినడానికి కష్టంగానే ఉంటుంది. ఈ భుజం వ్యాధి పూర్తిగా వదలడానికి చాలామందికి ఏడాది నుంచి రెండేళ్లు, కొందరికి అంతకంటే ఎక్కువ పడుతుంది. షుగరు ఉన్నవారిలో మరింత నెమ్మదిగా తగ్గుతుంది. అంటే అన్నాళ్లూ నొప్పితో ఉండాలని కాదు. మొదట రాత్రి నొప్పి తగ్గుతుంది, తరువాత కదలిక మెల్లగా వస్తుంది. పదిరోజుల్లో పూర్తిగా నయం చేస్తామనే మాటను నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు. నొప్పి మరీ ఎక్కువగా ఉంటే డాక్టరుగారు కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షను ఇవ్వవచ్చు. అది వేసుకున్నాక కొన్ని రోజులు షుగరు పెరిగే అవకాశం ఉంది కనుక రోజూ చూసుకోవాలి. ఇంజెక్షనుతో నొప్పి తగ్గిందని వ్యాయామం ఆపకూడదు, చెయ్యి కదిలించడానికి అదే మంచి సమయం.

మిగతా సమస్యలతో వచ్చేవారికి రెండు మూడు మాటలు. గుజ్జు అరిగిపోయిందని విని మోకాలిని కదిలించడమే మానేసినవారికి మేము ముందు నేర్పేది తొడ ముందు కండరానికి బలమిచ్చే వ్యాయామం. ఎక్స్‌రేలో కనిపించే అరుగుదలకూ నొప్పికీ ప్రతిసారీ పొంతన ఉండదు, కండరం బలపడితే అదే మోకాలితో చాలామంది సుఖంగా నడుస్తున్నారు. మోకాలి మార్పిడి ఆపరేషను అయినవారు మొదటి వారాలను వృథా చేసుకోకూడదు. మోకాలు పూర్తిగా చాపగలగడం, వంచగలగడం ఆ రోజుల్లోనే రాబట్టుకోవాలి, డాక్టరు రాసిన నొప్పి మాత్రను వ్యాయామానికి కాస్త ముందు వేసుకుంటే పని సులువవుతుంది. పక్షవాతం వచ్చినవారికి డాక్టరు సరేనన్న వెంటనే మొదలుపెట్టాలి, ఎక్కువ మెరుగుదల మొదటి కొన్ని నెలల్లోనే వస్తుంది. వారిని లేపేటప్పుడు బలహీనమైన చేతిని పట్టి లాగితే భుజం కీలు జారవచ్చు. వెన్ను కింద చెయ్యి వేసి లేపండి.

కొన్ని లక్షణాలు ఉంటే ఫిజియోథెరపీకి కాకుండా ముందు డాక్టరు దగ్గరికే వెళ్లాలి. నడుము నొప్పితో పాటు మూత్రం, మలం మీద పట్టు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, కాళ్లు చచ్చుబడుతున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరంతో కూడిన కీలు వాపు, కారణం లేకుండా బరువు తగ్గిపోవడం, ఏ భంగిమలోనూ తగ్గని రాత్రి నొప్పి, ఇంతకుముందు క్యాన్సరు ఉండటం, పిక్క ఒక్కసారిగా వాచి నొప్పిగా ఉండటం కూడా అలాంటివే. భుజం నొప్పితో ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, ఆయాసం వస్తే దాన్ని భుజం పట్టేయడమని అనుకోకుండా 108కు ఫోను చేయండి. షుగరు ఉన్నవారిలో గుండెపోటు లక్షణాలు స్పష్టంగా కనిపించకపోవచ్చు కనుక అమ్మగారి విషయంలో ఇది మరీ గుర్తుంచుకోండి.

మొదటి రోజు లేచి వచ్చే ముందు అమ్మగారి తరఫున మీరు అడగవలసినవి ఇవి: సమస్య ఏమిటని మీరు అనుకుంటున్నారు, నెల రోజుల్లో ఎంత మార్పు ఆశించవచ్చు, ఇంట్లో ఏం చేయాలి, ఏం చేయకూడదు, పొలం పనికి వెళ్లవచ్చా, ఖర్చు ఒక్కోసారికి ఎంత. వీటికి ఓపికగా జవాబు చెప్పేవారి దగ్గర కొనసాగండి. తేలికపాటి ఇంటిపని, వంట ఆ చేతితోనే చేయనివ్వండి. బాధ చూడలేక చేతికి పూర్తిగా విశ్రాంతి ఇప్పిస్తే బిగువు పెరుగుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు సరిగ్గా చేసినా కొలతల్లో ఏ మార్పూ లేకపోతే, ఆ కొలతల కాగితమూ, రోజువారీ షుగరు రీడింగులు రాసిన పుస్తకమూ తీసుకుని చీటీ రాసిన ఎముకల డాక్టరుగారి దగ్గరికే తిరిగి వెళ్లి, ఇంజెక్షను గానీ మరో పరీక్ష గానీ అవసరమా అని అడగండి.